రాతిబొమ్మ ముందు కమలాపండు

ఇది నిజం. నమ్మకపోతే లేచి వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను. కానీ మా పాప ఆద్య మీద ఒట్టు వేయమని మాత్రం అడగకండి... ఎందుకో మీకే తెలుస్తుంది.

నా ఒళ్ళు మండేది దేనికంటే... మా బావమరిది కిరణ్ మేముండే ఈ నోవై ఊళ్ళో ఏ పార్టీకి వెళ్ళినా దీన్ని జోక్ చేసి చెబుతాడు. అందరూ పకపకా నవ్వుతారు. ఆ రాత్రి వాడు పక్కగదిలో గురక పెడుతున్నాడు. వాడికేం తెలుసు?

రెండేళ్ళ కిందట, నవంబర్ చివర. ఆఫీసు పనిమీద జపాన్ వెళ్తూ మా ఆవిడనీ, ఆరేళ్ళ ఆద్యనీ, వీడినీ వెంట తీసుకెళ్ళాను. పని అయ్యాక కొండల్లో ఒక చిన్న ఊరు చూడ్డానికి వెళ్ళాం. దారంతా మేపుల్ ఆకులు ఎర్రగా రాలి ఉన్నాయి. ఊరి మలుపులో వరసగా చిన్న రాతిబొమ్మలు... మెడలో ఎర్రగుడ్డలు, తలకి ఊలు టోపీలు. ఒక బొమ్మ ముందు ఒకే ఒక్క కమలాపండు.

ఆద్య ఆకలని ఏడుస్తోంది. కిరణ్ బూట్లు విప్పి, దండం పెట్టుకుని, ఆ పండు తీశాడు.

"ప్రసాదం బావా! దేవుడి దగ్గరది, పాపకి పెడితే మంచిదే."

పాప తినేసింది.

రాత్రి ఆద్య నిద్రపోయాక, మేం దిగిన ఇంటి ముసలావిడకి ఈ సంగతి చెప్పాం. ఆవిడ ముఖం పాలిపోయింది. ఆవిడ మాటలు ఫోన్‌లో ఇంగ్లీషులోకి మార్చి చదివాను. ఆ బొమ్మలు మంచులో దారి తప్పి చనిపోయిన పిల్లల కోసమట. అక్కడ పెట్టింది ఆ పిల్లలదేనట. తీసుకుంటే, మొదటి మంచు పడ్డ రాత్రి అడగడానికి వస్తారట.

"నువ్వు కూడా ఏంటి బావా, ఇంజినీర్‌వి అయ్యుండి!" అని నవ్వి పడుకున్నాడు కిరణ్.

ఆ రాత్రే మంచు మొదలైంది.

నాకు నిద్ర పట్టలేదు. పక్కగదిలో కిరణ్ గురక తప్ప ఎక్కడా చప్పుడు లేదు. అప్పుడు... చెక్క తలుపు మీద... టక్.

మళ్ళీ... టక్... టక్.

చప్పుడు పైనుంచి కాదు. నా మోకాలి ఎత్తులోంచి వస్తోంది.

ఆద్య లేచి కూర్చుంది.

"డాడీ... వాళ్ళు ఆరెంజ్ అడుగుతున్నారు."

"ఎవరమ్మా?"

"ఆ కిడ్స్. వాళ్ళకి షూస్ లేవు డాడీ."

దానికి ఆ కథ ఎవరూ చెప్పలేదు. ఎవరూ!

బల్ల మీది బుట్టలో ఉన్న కమలాపండ్లన్నీ తీసుకుని తలుపు తెరిచాను. ఎవరూ లేరు. అరుగు మీద పెట్టేశాను. కిరణ్‌ని లేపి నాలుగు తన్నాలనిపించింది.

తెల్లారి చూస్తే ఒక్క అడుగు జాడ లేదు. పండ్లన్నీ అలాగే ఉన్నాయి, వాటి మీద మంచు పేరుకుని.

"చూశావా బావా!" అన్నాడు వాడు.

పోయినేడు ఇక్కడ మొదటి మంచు పడ్డ రాత్రి ఆద్య మళ్ళీ లేచి కూర్చుంది. నేను పరుగెత్తి పెరటివైపు పాటియో తలుపు బయట కమలాపండు పెట్టొచ్చాను. పాప తల అడ్డంగా ఊపింది.

"ఇది వద్దంట డాడీ... అదే కావాలంట."

అదెక్కడినుంచి తేను? అది నా కూతురు తినేసింది కదా!

పాప కలవరించిందో, నిజంగా ఎవరైనా వచ్చారో ఈరోజుకీ నాకు తెలియదు. ఈ ఏటి మంచు ఇంకా పడలేదు. కిరణ్‌ని చూస్తే మాత్రం నెత్తురు మరుగుతుంది. పండు తీసింది వాడే.

కానీ... తొక్క వొలిచి, ఒక్కో తొన దాని నోట్లో పెట్టింది నేను.