పక్క సాలు

సౌభాగ్యమ్మని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎంత బతిమాలించుకుందో!

నేను నందిగామలో బడిపంతులమ్మని. ఆరేళ్ళపాటు ప్రతి ఆదివారం బస్సులో కంచికచర్ల, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో చెవిటికల్లు వెళ్ళి, మందిరంలో పిల్లలకి సండే స్కూల్ చెప్పేదాన్ని. సౌభాగ్యమ్మది ఆ ఊరే. మిరపకోతలకి వెళ్ళే ఆడకూలీల ముఠాకి మేస్త్రి. యాభై దాటాయి. నేను వెళ్ళేసరికి మందిరం ఊడ్చి, చాపలు పరిచి, ఇల్లిల్లూ తిరిగి ముప్పై మంది పిల్లల్ని పోగేసి ఉంచేది. తర్వాత వెనక గోడకి ఆనుకుని నేను చెప్పేదంతా వినేది. ఒకసారి నేను ఒక పేరు బదులు ఇంకో పేరు చెబితే వెనకనుంచే దిద్దింది కూడా.

నిరుడు నా గొంతు పాడైంది. బళ్ళో ఎలాగూ అరవక తప్పదు, కనీసం ఆదివారమైనా నోరు మూసుకోమన్నాడు డాక్టరు. చెప్పేవాళ్ళు దొరక్కపోతే వచ్చే నెలనుంచి సండే స్కూల్ ఆపేద్దామన్నారు పాస్టర్ జయరాజ్‌గారు. ఆ ఊళ్ళో పాఠాలన్నీ నోటికి వచ్చిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడేమో ససేమిరా అంటుంది.

"నాకు అక్షరమ్ముక్క రాదండి. పిల్లల ముందు నవ్వులపాలవుతా."

"ఇరవైమంది ఆడాళ్ళని కేకలేసి పని చేయిస్తావు, ఎనిమిదేళ్ళ పిల్లలంటే భయమా?"

"వాళ్ళు చదువుకునే పిల్లలండి."

వారానికో వంక. ఒకసారి మోకాలు నొప్పి. ఇంకోసారి కళ్ళజోడు లేదంది. అక్షరం రానిదానికి కళ్ళజోడెందుకో ఆ దేవుడికే తెలియాలి!

నెలాఖరు ఆదివారం వచ్చింది. నాలుగు రాళ్ళు మింగినట్టున్న గొంతుతోనే మొదలుపెట్టా. ఆ రోజు పాఠం, దేవుడు పిలిస్తే 'నాకు మాట చేతకాదు, ఇంకెవర్నైనా పంపు' అన్న గొర్రెల కాపరిది. కథ సగంలో ఉండగా నా మాట ఆగిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. సౌభాగ్యమ్మ వైపు చూశా. ఆవిడ ఫ్యాను వైపు చూసింది. నాకు తిక్క రేగి, లేచి వెళ్ళి బొమ్మల అట్ట ఆవిడ చేతిలో కుక్కి ముందుకి లాక్కొచ్చా. కంగారులో అట్ట తలకిందులుగా పట్టుకుంది. పిల్లలు గొల్లుమన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక అయిపోయింది, అనవసరంగా ఆ మనిషి పరువు తీశాననుకున్నా.

ముందు వరసలో ఉన్న క్రిస్టీ మాత్రం నవ్వలేదు. "ఆయన అంతలా రానన్నాడు కదా, దేవుడు ఇంకొకళ్ళని పిలుచుకోవచ్చుగా?" అని అడిగింది.

సౌభాగ్యమ్మ అట్ట పక్కన పెట్టేసింది.

"అదేంటే! మీ అమ్మ మా ముఠాలో చేరినప్పుడు ఎంత నిదానంగా కోసేదో తెలుసా? అందరూ గట్టెక్కినా తను సగం సాల్లోనే ఉండేది. 'నా వల్ల కాదు మేస్త్రమ్మా, రేపట్నించి రాను' అని ఏడ్చింది. నేను మానిపించానా? జోరుగా కోసే మనిషిని పక్క సాల్లో పెట్టా. ఆవిడ తన చెట్లు కోసుకుంటానే ఇటు చెయ్యి చాపి మీ అమ్మవి కూడా నాలుగు కోసేది. దేవుడూ అంతే. ఆ కాపరికి మాటకారి అన్న ఉంటే, అతన్ని తోడుగా పక్కన నిలబెట్టాడు. అంతేగాని పిలిచిన మనిషిని ఇంటికి పంపలేదు."

ఆరేళ్ళు చెప్పినా నాకు ఈ ముక్క తట్టలేదు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. వెనక గోడ దగ్గర ఆవిడ చోట్లో కూర్చుని మిగతా పాఠం విన్నా. అరగంటపాటు ఆవిడ ఆగితే ఒట్టు.

అయ్యాక సంచీ సర్దుకుని, "ఇక నువ్వే చూసుకో. నేను రాను" అన్నా గుసగుసగా.

ఆవిడ సంచీ పట్టుకుంది. "కొత్త పాఠాలు ఎవరు చదువుతారండి? మీరు చదివి నా చెవిలో చెబితే నేను గట్టిగా చెప్తా."

"గొంతు పోయినదాన్ని, నేనేం పనికొస్తా? నా వల్ల కాదు."

చాప చుడుతున్న క్రిస్టీ తలెత్తింది. "టీచర్‌గారూ, మీరూ అదే అంటున్నారే!"

ఒళ్ళు మండింది. తిట్టడానికి గొంతు లేదు. ఉన్నా ఏమని తిడతా?

ఇప్పటికీ ఆదివారం వస్తే అదే బస్సు, అదే ఆటో. చాప మీద సౌభాగ్యమ్మ పక్కనే కూర్చుంటున్నా.