జేబులు చూడకుండా ఉతకని మనిషి

బస్సు ఆగిపోయి అప్పటికి ముప్పావు గంట. డ్రైవరు బస్సు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. కండక్టరు పక్కన నిలబడి సలహాలిస్తున్నాడు. ఇంజను మాత్రం ఇద్దరిలో ఎవరి మాటా వినడం లేదు. నాలాంటి కాలు నిలవనివాడికి ఆగిన బస్సులో కూర్చోవడం కన్నా పెద్ద శిక్ష లేదు. సంచి భుజాన వేసుకుని దిగి నడక మొదలుపెట్టాను. సన్నగా తుంపర పడుతోంది.

వంద గజాలు నడిచానో లేదో, వెనక నుంచి కేక.

"బాబాయ్‌గారూ! మీ కోటు కుడి జేబులో ఉత్తరం ఉంది. తడిసిపోతోంది, తీసి సంచిలో పెట్టుకోండి."

తిరిగి చూశాను. యాభై దాటిన ఆడమనిషి. పొట్టి. బరువులు మోసి మోసి గట్టిపడ్డ భుజాలు. వీపున నల్ల సంచి, చేతిలో ముడిచిన గొడుగు. నా జేబులో ఉత్తరమేమిటని చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే ఉంది. ఎనిమిది నెలల కిందట స్నేహితుడు రాసింది. జవాబు రాద్దామని పెట్టుకుని మరిచిపోయాను.

"నీకెలా తెలిసిందమ్మా?"

"జేబు చెప్తుంది. రుమాలైతే ఉబ్బుతుంది, తాళాలైతే కిందికి సాగుతుంది, కాగితమైతే మూల పొడుచుకొస్తుంది. ఇరవై రెండేళ్ళు అదే చూశాను."

"మరి చేతిలో గొడుగు పెట్టుకుని తడుస్తావేం?"

"ఈ మాత్రం తుంపరకి తెరిస్తే గొడుగు నవ్వుతుంది."

అలా కలిశాం. ఆవిడ అసలు పేరు నేను అడగలేదు, తను చెప్పలేదు. అందరూ జేబులక్క అంటారట. పెద్దాసుపత్రి ఉతుకుగదిలో పనిచేసేది. దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, రోగుల బట్టలు గుట్టలుగా వచ్చి పడేవి. మిషన్లో వేసేముందు ప్రతి జేబూ తిప్పి చూడటం ఆవిడ పని. గోళీలు, తాళాలు, సగం తిన్న బిస్కెట్లు, పోస్టు చెయ్యని ఉత్తరాలు దొరికేవి. ఒక్కోటీ కాగితం కవరులో పెట్టి, మంచం నంబరు రాసి, పైకి పంపేది.

"ఓసారి కట్టుడుపళ్ళు దొరికితే నంబరు తెలీక వార్డుకి పంపాను. ముగ్గురు మావంటే మావన్నారు!"

"ఎవరివో ఎలా తేలింది?"

"ముగ్గుర్నీ పెట్టుకుని నవ్వమన్నాం."

"ఇంట్లో మీ ఆయన జేబులు కూడా చూస్తావా?"

"పెళ్ళైన కొత్తలోనే మానేశాను. అందుకే కాపురం నిలబడింది."

కొంతదూరం నవ్వుతూ నడిచాం. తర్వాత ఆవిడే చెప్పింది, నేను అడక్కుండా. ఒకరోజు రెండు మిషన్లు చెడిపోయాయి. బట్టలు నడుమెత్తు పేరుకున్నాయి. తొందరలో ఒక చొక్కా జేబు చూడలేదు. బయటికి తీసేసరికి అందులో కాగితం ముద్ద. పుట్టిన రెండు రోజులకే పోయిన బిడ్డ ఫొటో అది. ఆ తల్లి దగ్గర ఇంకోటి లేదు.

"ముద్ద అరచేతిలో పెట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది."

ఆ తర్వాత ఉతుకుపని బయటి వాళ్ళకిచ్చి ఆ గది మూసేశారు. అక్కడి గుమాస్తా దగ్గర కంప్యూటరుండేది, దుప్పట్ల లెక్క కోసం. ఆయన్ని విసిగించి విసిగించి నేర్చుకుందట. ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి, నత్తనడక నడిచే కంప్యూటర్లని శుభ్రం చేస్తోంది.

"అది వేరే పని కదమ్మా?"

"అదే పని బాబాయ్‌గారూ. అక్కడా జేబులుంటాయి." నా మొహం చూసి ఆవిడకి జాలేసినట్టుంది. "తర్వాతి బస్సు సాయంత్రానికి గాని రాదు. నాతో రండి, నేను పనికెళ్ళే ఇంట్లో కూర్చోవచ్చు. అక్కా తమ్ముడూ, మంచివాళ్ళే. తమ్ముడికి కాస్త నోరెక్కువ."

సందు చివర మేడమెట్లెక్కితే రెండు గదులు. ముందు గదిలో రేకు డబ్బాల నిండా కుంచెలు, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు. ఎదురుగోడకి తలుపంత తెల్లటి చెక్క ఆనించి ఉంది. దాని మీద సుద్దతో గీసి తుడిచి, మళ్ళీ గీసి తుడిచిన మసక. ఆ ఇంటావిడకి నలభై ఉంటాయి, గోళ్ళ అంచుల్లో రంగు. తమ్ముడు ఆవిడకన్నా పదేళ్ళు చిన్న. ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం అతనిది.

"జేబులక్కా, ఇది మరీ మొండికేస్తోంది," అన్నాడు తమ్ముడు. "ఒక్క డిజైను తెరవమంటే టీ తాగి రమ్మంటోంది. నిన్న బ్రౌజర్లో ఉన్నదంతా నేనే కొట్టేశాను. అయినా అంతే."

"కొట్టెయ్యడం వాడికి కొత్త కాదు," అంది అక్క. "ఈ ఊళ్ళో నాన్న బోర్డు ఒక్కటి మిగల్చలేదు."

"నేను కాకపోతే ఇంకొకడు దింపేవాడు! అడిగినవాళ్ళకి కట్టానక్కా, దొంగతనం చేశానా?"

ఆ గొడవ పాతదని వాళ్ళ గొంతుల్లోనే తెలుస్తోంది. నాకు కుర్చీ వేసి ఆవిడే చెప్పుకొచ్చింది. వాళ్ళ నాన్న చేత్తో దుకాణాల బోర్డులు రాసేవాడు. గీత ఆయనది, లోపల రంగు నింపడం కూతురిది. ఆయన పోయాక బోర్డులు ఒక్కొక్కటే దిగి ప్లాస్టిక్ గుడ్డలు ఎక్కాయి. ఇన్నాళ్ళకి బడి నుంచి పెద్ద పంతులమ్మ వచ్చి "పుస్తకాల గది" అని బోర్డు రాసిపెట్టమంది. ప్రింటు వద్దు, మీ నాన్నగారి అక్షరాలే కావాలి, నేను చిన్నప్పుడు ఆ బోర్డులు కూడబలుక్కునే చదవడం నేర్చుకున్నాను, అందట.

"ఒప్పేసుకున్నాను. నాలుగు రోజులుగా గీస్తున్నా, రావట్లేదు. ఆయన కొమ్ముకి చివర ఒక మెలి ఉండేది, దూడ తోకెత్తినట్టు. కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది, సుద్ద పట్టుకుంటే పోతుంది. చూసి రాయడానికి ఒక్క బోర్డు లేదు. ఎల్లుండి వాళ్ళొస్తారు. రేపటికి అక్షరం రాకపోతే వీడి దగ్గరే ప్రింటు కొట్టించుకోమంటాను. ఆ తర్వాత ఇంక కుంచె ముట్టను."

"ఫొటోలైనా తీసుకోలేదా?"

"సైకిలు మీద ఊళ్ళు తిరిగే ఒకాయన తీశాడు. నాన్న బోర్డులన్నీ తీసి ఇంటర్నెట్లో పెట్టాడు. రోజూ పొద్దున్నే ఇక్కడ కూర్చుని చూసుకునేదాన్ని. ఎప్పుడూ ఉంటాయిగా అనుకున్నా. ఏడాది కిందట తెరిస్తే 'పేజీ దొరకలేదు' అని వచ్చింది. అంతే."

 జేబులక్క అప్పటిదాకా కంప్యూటరు వైపున్న కుర్చీని ఆవిడ వైపు తిప్పుకుని, "రోజూ ఈ కంప్యూటర్లోనేనా చూసింది?" అని అడిగింది.

"ఇందులోనే."

"సరే. జేబులు చూద్దాం."

"నేను కొట్టేశానన్నానుగా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు కొట్టేసింది కంటికి కనిపించేది నాయనా. ఇల్లు ఊడ్చి చెత్త మంచం కిందికి తోశావు."

సెట్టింగుల్లోకి వెళ్ళి, దాచిన ఫైళ్ళు చూపించమని ఒక గడిలో టిక్కు పెట్టింది. అంతవరకూ ఖాళీగా ఉన్నచోట లేతరంగులో, నీళ్ళడుగున నాణేల్లాగా, ఫోల్డర్లు పైకి తేలాయి. అర్థంపర్థం లేని అక్షరాలూ అంకెలూ కలిపిన పేర్లు. ఒకటి తెరిస్తే అందులో ఇంకో నాలుగు. అడుగున లెక్క కనిపించింది. ముప్పై ఒక్క వేల పైచిలుకు ఫైళ్ళు!

నేను చాలా చూశాను. కొండ తొలిచిన గుహల్లోకి పాకుతూ వెళ్ళాను. పాత పట్టణాల చెత్తకుప్పలు తవ్వి, అందులో దొరికిన చీటీముక్కల్ని బట్టి ఆనాటి మనుషులు ఏం తిన్నారో, ఎవరి మీద అలిగారో తేల్చిన పండితుల రాతలు చదివాను. చదివినప్పుడు ఆహా అనుకున్నాను, పుస్తకం మూసి పడుకున్నాను. ఆ రోజు మాత్రం కుర్చీ ముందుకి లాక్కోకుండా ఉండలేకపోయాను. జేబులక్క వాటిని బొమ్మల వరసలో పరిచింది. ఎప్పుడో ఎవరో చూసిన వాన మబ్బు గుర్తు. బాణాలు, గంటలు, కొనకుండా వదిలేసిన చెప్పులు, మోకాలినొప్పికి వ్యాయామం చేస్తున్న మనిషి సగం కాలు. ఒక ఇంటివాళ్ళ కళ్ళు ఏళ్ళ తరబడి ఎక్కడెక్కడ తిరిగాయో అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళకి మాత్రం ఆ సంగతే తెలీదు.

"ఎవరు దాచమన్నారమ్మా దీన్ని?" అన్నాను. నా గొంతు నాకే గుసగుసలా వినిపించింది.

"ఎవరూ అనలేదు. చూసినవాళ్ళు మళ్ళీ వస్తారని దాని ఆశ. మళ్ళీ అడిగితే బయటికి పరిగెత్తకుండా చేతిలోంచి ఇద్దామని చూపించిన ప్రతి బొమ్మకీ నకలు ఉంచుకుంటుంది. అడగడం మానేసినా అలాగే పట్టుకుని కూర్చుంటుంది. అందుకే ఊపిరాడదు దానికి."

ముందు సైజు ప్రకారం వరస పెట్టింది. చిన్నవన్నీ బాణాలూ బటన్లూనట, ఫొటోలు బరువుంటాయి. తర్వాత తేదీ ప్రకారం. వేడినీళ్ళలో నాని కణుపులు వంకరపోయిన వేళ్ళు ఆవిడవి. అయినా ఒక్క వరసా దాటెయ్యలేదు. గంట గడిచింది. ఇంటావిడ చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. తమ్ముడు రెండుసార్లు గడియారం చూశాడు, మూడోసారి చూడటం మానేసి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఇదెవరిది?" అంది జేబులక్క.

నీలం చెక్క మీద పసుపు అక్షరాలు. "కుట్టుపని". కొమ్ము చివర మెలి, దూడ తోకెత్తినట్టు.

తమ్ముడు స్టూలు మీంచి లేచాడు. లోపలి గది వైపు తిరిగి, "అక్కా, ఇలా రా," అన్నాడు.

ఆవిడ వచ్చి చూసింది. కుర్చీ వీపు చేత్తో పట్టుకుంది. తెరకి దగ్గరగా మొహం పెట్టి, ముట్టుకుంటే చెరిగిపోతుందేమో అన్నట్టు వేలు అంగుళం దూరంలో ఆపి, గాల్లోనే ఆ మెలి వెంట తిప్పింది.

"ఇది నేనే దింపాను," అన్నాడు తమ్ముడు.

"ఆ చెక్క ఏమైంది?"

"దుకాణం వాళ్ళు కోళ్ళగూటికి తలుపు చేసుకున్నారు. రెండు వానలకే పుచ్చిపోయింది."

"పోనీ కోళ్ళకైనా చదువొచ్చిందా?"

అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను కిటికీ వైపు తిరిగాను. అలాంటప్పుడు ముసలివాళ్ళకి కిటికీ చాలా ఉపయోగం.

ఆ తర్వాత ఒకటొకటే వచ్చాయి. గడియారాలు బాగుచేసే దుకాణం, మంగలి దుకాణం, తాళాలు. అరవై రెండు దొరికాయి. కానీ బడి బోర్డులో మొదటి అక్షరం "పు", దాని కొమ్ము మిగతావాటిలా పక్క నుంచి కాక కింది నుంచి తిరుగుతుంది. పూలదుకాణం బోర్డు మీదే అది ఉండాలి. దొరికింది, పై సగం మాత్రమే. పేజీ పూర్తిగా రాకముందే ఎవరో మూసేసినట్టున్నారు. కింది సగమంతా బూడిదరంగు. కొమ్ము చివర ఆ బూడిదలోనే పోయింది.

"చాల్లే జేబులక్కా," అంది ఇంటావిడ. "మిగతావి చూసి కుదుర్చుకుంటాలే."

"చాల్లే అనుకుని ఒక్క జేబు వదిలేశాను ఒకప్పుడు," అంది జేబులక్క, తెర మీంచి కళ్ళు తీయకుండా.

ఇంకో ఫోల్డరు. ఇంకోటి.  పదకొండో దాంట్లో అదే ఫొటో, అదే పేరు, చివర రెండు అంకె. ఇంకోరోజు మళ్ళీ తెరిచినప్పుడు దిగింది, నిండుగా. ఎర్రటి అక్షరాలు. "పువ్వులు". మూడు కొమ్ములకీ మూడు తోకలు.

నాకు రోమాలు నిక్కబొడిచాయి. ఎక్కడో సైకిలు మీద వెళ్ళిపోయిన మనిషి తీసిన బొమ్మ. మూతపడ్డ పేజీ. పుచ్చిపోయిన చెక్క. పోయిన తండ్రి చెయ్యి. ఇవన్నీ దాటి ఆ మెలి ఈ గదిలో, ఈ బల్ల మీద, ఎవరూ చూడకపోయినా ఉంటూనే ఉంది.

జేబులక్కకి అలాంటి పరవశాలేమీ ఉన్నట్టు లేవు. అరవై మూడింటినీ వేరే ఫోల్డరులోకి, తర్వాత పెన్‌డ్రైవులోకి ఎక్కించింది. తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కోటీ తెరిచి చూసింది. అప్పుడు లేచి ఇంటావిడని కూర్చోబెట్టింది.

"ఇప్పుడు ఉతుకుదాం. నువ్వే నొక్కు."

"అమ్మో, నాకు భయం."

"జేబులన్నీ చూశాంగా. నొక్కు."

నొక్కింది. పచ్చటి గీత కొస నుంచి కొసకి పాకింది. మబ్బులూ బాణాలూ చెప్పులూ మోకాలూ అన్నీ పోయాయి. తమ్ముడు తన డిజైను తెరిచాడు. చిటికెలో తెరుచుకుంది. అతను దాన్ని ఒక్కసారి చూసి మూసేసి, పూలబోర్డుని తెర నిండా పెట్టాడు.

"నేను చదువుతా, నువ్వు గియ్యి," అన్నాడు. "మెలి ఎక్కడ మొదలైందంటే... అడుగుగీత దాటాక. తొందరపడి లేపకు."

"నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా?"

"చెప్పనీయవే తల్లీ."

ఆవిడ చెక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుని సుద్ద తీసుకుంది. మొదటిది వంకరపోయింది, తుడిచేసింది. రెండోది లావైంది, తుడిచేసింది. మూడోసారి చెయ్యి ఆగకుండా దిగి, తిరిగి, చివర్లో పైకి లేచింది. ముగ్గురం ఒక్కసారే "ఆ!" అన్నాం.

ముగ్గురమే. నాలుగో గొంతు వినిపించలేదు.

చూస్తే జేబులక్క నిలబడ్డ చోటు ఖాళీగా ఉంది. నల్ల సంచి లేదు. ఇంటావిడ సుద్ద చేత్తోనే మెట్లదాకా పరిగెత్తింది, నేను కిటికీ తెరిచాను. వాన అప్పటికి గట్టిపడింది. సందు మధ్యలో ఆవిడ నడిచి వెళుతోంది. పిలిచాం. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది, వెనక్కి చూస్తుందేమో అనుకున్నాను. గొడుగు తెరుచుకుని మలుపు తిరిగిపోయింది.