మామకు చెప్పిన షుక్రన్

ఆ రోజుల్లో మా ఊళ్ళో సొంతవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పే అలవాటు ఎక్కడిది? పెట్టింది తినడం, బాగుంటే మళ్ళీ అడగడం, బాగులేకపోతే మొహమ్మీదే అనెయ్యడం, అంతే. అలాంటి నేను ఎనభైల మొదట్లో గల్ఫ్‌కు పోయి, రువైస్‌లో రిఫైనరీ పనిలో స్టోరు హెల్పరుగా చేరాను. మా ముదీర్ (మేనేజరన్నమాట) మహా మర్యాదస్తుడు. మేకు అందించినా అరబ్బీలో థాంక్సన్నట్టు "షుక్రన్" అనేవాడు, మేం అనకపోతే ఊరుకునేవాడు కాదు. నెల తిరక్కుండానే ఆ మర్యాద నాకు బాగా పట్టేసింది. ఎవరూ చూడకుండా తలుపుకు కూడా చెప్పానేమో!

క్యాంపులో మా గదికి పెద్ద, మా అమ్మకు వరసకు తమ్ముడయ్యే మామ. వంట ఆయనదే, తిట్లూ ఆయనవే. ఒక పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తే, నాగరికంగా నవ్వి "షుక్రన్ మామా" అన్నాను. "ఏమన్నవ్‌రా? నేనేమన్న హోటలోన్నా? పరాయోన్నా?" అన్నాడు మామ. ఆ 'రా' అదే ఆఖరు. ఇక నాకు అతిథి మర్యాదలు మొదలయ్యాయి. "రాండ్రి సార్, కూసోండ్రి. కూర సరిపోయిందా సార్?" గిన్నెలు కడగబోతే "అయ్యో, మెహమాన్ మీరు, ముట్టద్దు" అని లాక్కునేవాడు. గదిలో మిగతావాళ్ళకు ఒకటే నవ్వు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ ఎడారిలో నన్ను ఒరేయ్ అనే హక్కున్న మనిషి ఆయనొక్కడే మరి! తప్పయిందని కాళ్ళు పట్టుకుంటే "మాఫ్ చేసినం సార్, లేవుండ్రి" అన్నాడు. చచ్చాననుకున్నాను.

శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నం మామ పచ్చిపులుసు చేశాడు. ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాడు, ఒక్క ముద్దకే నాలుక మొద్దుబారింది. అందరూ తలలు వంచుకుని మింగుతున్నారు. "ఎట్లున్నది సార్?" అని మామ నన్నే అడిగాడు. ఇన్నాళ్ళ ఉక్రోషం తన్నుకొచ్చింది. "ఎట్లున్నదా? సముద్రం తెచ్చి పోసినవా మామా? మనిషన్నోడు తింటడా దీన్ని?" అని అరిచాను. మామ గంటె ఎత్తాడు.

"నోరు మూసుకొని తినురా గాడిదా! వండిపెడుతున్నందుకు మొక్కాలె నువ్వు!"

గాడిదా! ఎంత తియ్యగా వినపడిందో చెప్పలేను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి (ఉప్పు వల్లేనని అందరితో అన్నాను). కంచం ముందుకు జరిపి "ఇంకింత పొయ్యి మామా" అన్నాను. ఆయన మొహం తిప్పుకుని రెండు గంటెలు పోశాడు. సాయంత్రందాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాను. అంత హాయిగా గల్ఫ్‌లో మరే రోజూ లేను.

మామ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నన్నందరూ సార్ అనే పిలుస్తారు, పాపం, నిజమైన గౌరవంతోనే. ఏం చేస్తాను, నవ్వి అందరికీ థాంక్సు చెబుతుంటాను.