ఇరవై అడుగుల లోతు

ఆ వీధిలో అందరూ ఆయన్ని బోర్డు బాబాయి అంటారు. ముప్పై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాడు. లిఫ్టులో నలుగురికి మించి ఎక్కరాదు, కుక్క ఉన్నది జాగ్రత్త, ఇచ్చట ఉమ్మరాదు. ఊళ్లో సగం మందికి ఏదో ఒకటి చేయొద్దని చెప్పింది ఆయన కుంచే. అయితే ఆ రాతల్ని ఆయనే నమ్మడు. అవన్నీ పిరికివాళ్ల కోసం, గట్టివాళ్లకు అక్కర్లేదని ఆయన లెక్క. ఆ లెక్క ఎంత తప్పో ఆయన ఎడమ చెవికి తెలుసు గానీ, దాన్ని అడిగినవాళ్లెవరు?

ఆ చెవి వినబడదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని భార్యకు చెప్పాడు. అది పచ్చి అబద్ధం. ఇరవయ్యో ఏట మంచినీళ్ల చెరువు దగ్గర, పంపుహౌసు కప్పు మీంచి దూకాడు. ముందు ఒక రాయి విసిరితే నీళ్లు విరిగి మెత్తబడతాయని ఎవరో చెబితే, రాయి విసిరి మరీ దూకాడు. రాయి దాని దారిన అది మునిగింది. ఈయన పక్కకు వాలి పడ్డాడు. గోడకేసి చెంప కొట్టుకున్నట్టయింది. నీళ్లలోంచి లేచేసరికి చెవిలోంచి రక్తం. ఒడ్డున చప్పట్లు కొడుతున్న స్నేహితులకు ఆ చెవి కనబడకుండా తల తిప్పుకుని నవ్వాడు.

ఆ నవ్వుతోనే జీవితమంతా నెట్టుకొచ్చాడు మహానుభావుడు. పెళ్లయ్యాక భార్యకు, ఆ తర్వాత కూతురికి అదే కథ. రాయి విసిరాను, దూకాను, తేలాను, ఏమీ కాలేదు. కూతురు పడుకునే ముందు ఆ కథే కావాలని మారాం చేసేది. ఆయన ప్రతిసారీ కప్పును ఇంకో అడుగు పైకి లేపేవాడు.

ఇప్పుడు కూతురికి ఇరవై రెండేళ్లు. మందుల షాపులో పని. ఏడాదిగా ఈత నేర్చుకుంటోంది. ఆ ఆదివారం పొద్దున షాపు స్నేహితురాళ్లతో చెరువు దాకా వెళ్లొస్తానంది. బ్రష్షులు కడుగుతూ సరేనన్నాడు.

గంట తర్వాత ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. చెరువు మెట్ల పక్కన తాను రాసిన బోర్డే. "ప్రమాదం. దూకరాదు. లోతు 20 అడుగులు." ఆ ఇరవైని ఎర్ర రంగుతో, జానెడు ఎత్తున రాశాడు. ఈత రానివాళ్లు హడలిపోవాలని నీళ్ల ఆఫీసువాళ్లు రాయించిన అంకె అది. ఫొటో కింద కూతురి మాటలు: "లోతు లేనిచోటే దూకకూడదని మా ఈత టీచర్ చెప్పింది. ఇరవై అడుగులంటే బోలెడు కదా నాన్నా. నువ్వు దూకిన చోటే దూకుతా. రాయి కూడా ఏరుకున్నా."

ఆయన చేతిలోంచి బ్రష్షు జారి టర్పెంటైన్ డబ్బాలో పడింది.

నాలుగు రోజుల క్రితం నీళ్ల ఆఫీసు గుమాస్తా వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. "బాబాయ్, పూడిక తీయడానికి చెరువు ఖాళీ చేస్తున్నాం. నువ్వెళ్లి ఆ అంకె చెరిపేసిరా" అన్నాడు గుమాస్తా. "నీళ్లు తగ్గితే మంచిదేగా, ఇక మునిగేదెవరు?" అని నవ్వి పంపేశాడు ఈయన. బోర్డు ముందు నిలబడేవాడు మునగడానికే భయపడతాడనుకున్నాడు గానీ, దూకడానికి వచ్చినవాళ్లు ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకుంటారని ఆయన బుర్రకు తట్టలేదు.

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. చెప్పులు ఒకటి తనది, ఒకటి భార్యది తొడుక్కుని స్కూటర్ తీశాడు. దారిలో ప్రతి మలుపు దగ్గరా ఆయన రాసిన బోర్డులే. వేగం తగ్గించండి. స్కూలు ఉన్నది. ఆగి చూసి వెళ్లండి. ఏ ఒక్కదాన్నీ ఖాతరు చేయలేదు. మెడ విరిగినవాళ్ల గురించి ఎప్పుడో విన్నవన్నీ, అప్పుడు పెదవి విరిచి కొట్టిపారేసినవన్నీ, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అవన్నీ నిజమేనని ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

చెరువు దగ్గర నీళ్లు తోడే మోటార్లు రెండూ హోరెత్తుతున్నాయి. నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. లోతు ఎంతో చూస్తే తెలిసే రంగు కాదు. పంపుహౌసు గోడ మీద పాత నీటిమట్టం మరక ఎక్కడో పైన ఉంది. మొదటిసారి వచ్చిన పిల్లలకు ఆ మరక సంగతి ఏం తెలుస్తుంది? కప్పు మీద నలుగురు అమ్మాయిలు. అంచున ఆయన కూతురు.

"దూకొద్దమ్మా" అని అరిచాడు. మోటార్ల హోరులో ఆ అరుపు ఆయనకే వినబడలేదు. చేతులు ఊపాడు. తనను చూడ్డానికే నాన్న వచ్చాడనుకుని వాళ్లూ సంతోషంగా చేతులు ఊపారు. కూతురు రాయిని పైకెత్తి చూపించి విసిరింది. రాయి పడ్డచోట నల్లటి బురద బుడగలతో పైకి లేచింది. ఆ పిల్ల అది చూడలేదు. పరుగందుకోవడానికి అప్పటికే వెనక్కి వెళ్లి కనుమరుగైంది.

చెవి పోయిన రోజు తర్వాత ఆయన మళ్లీ నీళ్లలో దిగలేదు. తలస్నానం కూడా చెవిలో దూది పెట్టుకునే చేస్తాడు. ఇప్పుడు మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. బురదలో ఒక చెప్పు ఉండిపోయింది. రెండోదీ ఎక్కడో పోయింది. పడ్డాడు, లేచాడు, నీళ్లు చెవిలోకి పోయాయి. కప్పు కిందికి సరిగ్గా చేరి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. పరుగెత్తుతూ వస్తే ఆమెకు తను కనబడడని అప్పుడు తట్టింది. తన మీద పడ్డా ఫర్వాలేదు, ఆ పిల్ల తల అడుక్కి తగలకపోతే చాలనుకున్నాడు. కళ్లు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు.

కప్పు అంచున కాళ్లు కనబడ్డాయి. అవి అక్కడే జారి ఆగాయి. పక్కనున్న అమ్మాయి ఎవరో చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. కూతురు వంగి కిందికి చూసింది. ఇరవై అడుగుల నీళ్లలో నాన్న నిలబడి ఉన్నాడు. నీళ్లు ఆయన నడుము దాకా వచ్చాయి.

ఆ పిల్ల కప్పు మీదే చతికిలబడిపోయింది.

నిచ్చెన దిగి ఆమె వచ్చేసరికి ఆయన ఒడ్డున బోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. దగ్గర రంగు లేదు, కుంచె లేదు. దోసిళ్లతో బురద తెచ్చి ఆ ఇరవై మీద మెత్తుతున్నాడు. బురద సగం జారి కిందే పడుతోంది.

కూతురు ఆయన ఎడమవైపు కూర్చుని ఏదో అడిగింది. ఆయన పలకలేదు. లేచి కుడివైపుకు వచ్చి కూర్చుంది.

"నీకేమీ కాలేదన్నావు కదా నాన్నా."

బురద చేత్తోనే ఎడమ చెవి తాకి చూపించాడు ఆయన. "ఈ చెవి జ్వరంతో పోలేదమ్మా. ఇక్కడే పోయింది."

ఆమె ఆ చెవి వంక చూసింది, కప్పు వంక చూసింది. రాయి విసిరిన చేత్తోనే కాస్త బురద తీసుకుని, ఆయన కప్పలేకపోయిన సున్నాను కప్పింది.