‘సోయి’ అన్న ఒక్క మాట

కోవిడ్ రెండో అల సద్దుమణిగిన మరుసటి ఏడాది, హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నన్ను నర్సింగ్ సూపరింటెండెంట్ కుర్చీలోంచి లేపి క్వాలిటీ విభాగం అధిపతిగా కూర్చోబెట్టారు. పదవీ విరమణకు ముందు నేను చేసిన చివరి ఉద్యోగం అదే. పేరుకు పెద్ద హోదా. మెడికల్ డైరెక్టర్ గారికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. కానీ డాక్టర్ల మీద అధికారం లేదు, నర్సుల మీద ఉన్నది పోయింది, ఇద్దరి పనిలోనూ వేలు పెట్టే హక్కు మాత్రం మిగిలింది. నేను వార్డులోకి వస్తున్నానని తెలిస్తే అందరికీ ఎక్కడలేని పనీ గుర్తొచ్చేది.

మొదట నాకు అప్పగించింది న్యూరాలజీ. క్వాలిటీ అంటే ఏం చేస్తారండీ అని మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. మంచి వైద్యమంటే రోగికి ఏమేం జరగాలో ముందే రాసుకుంటాం. అవి నిజంగా ఎంతమందికి జరిగాయో నెలనెలా లెక్క తీస్తాం. ఆ లెక్కను ఇండికేటర్ అంటాం. మూర్ఛ రోగులు వచ్చినప్పుడల్లా, కిందటిసారి వచ్చి వెళ్లాక ఎన్నిసార్లు ఫిట్స్ వచ్చాయో అడిగి రాయాలి. ఎత్తులు, నీళ్లు, నిప్పు, డ్రైవింగ్ విషయంలో జాగ్రత్తలు చెప్పాలి. ఫిట్స్ పూర్తిగా ఆగినవాళ్లు ఎందరో చూసుకోవాలి. మా క్లినిక్‌లో ఇవన్నీ నిండుగా ఉండేవి. ఫిట్స్ ఆగినవాళ్ల గ్రాఫు ఎంత ముచ్చటగా పైకి పాకిందంటే, డైరెక్టర్ గారు దాన్ని రంగుల్లో అచ్చు వేయించి లిఫ్టు పక్కన తగిలించారు.

అప్పుడు డాక్టర్ మాధవి చేరింది. జనగామ దగ్గర పుట్టి పెరిగిన మనిషి. మూర్ఛ వ్యాధిలో ప్రత్యేకంగా చదువుకుంది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మొదటి నెలవారీ సమావేశంలో గ్రాఫు చూసి, “ఇంతమందికి నయమైతే ఇగ నన్నెందుకు పిలిచిన్రు సార్?” అంది. అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

మర్నాడు క్లినిక్‌లో నర్సు కౌంటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అంత చదివిన డాక్టరు, రోగిని తాను చూడకముందు అతన్ని ఎవరు ఏమడుగుతున్నారో వినాలని కూర్చోవడం నా సర్వీసులో నేను చూడడం అదే మొదటిసారి. నర్సు “ఫిట్స్ ఏమైనా వచ్చాయా అండి?” అని అడిగేది. రోగి “రాలే” అనేవాడు. సున్నా పడేది. మధ్యాహ్నానికి వరసగా సున్నాలే. నర్సు తప్పేమీ లేదు, రోగి అబద్ధమూ ఆడలేదు. మన జనం దృష్టిలో ఫిట్స్ అంటే కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోట్లో నురగ రావడం. మందులతో అవి ఆగినా, చిన్నవి మిగిలిపోతాయి. మనిషి కూర్చున్నచోటే కాసేపు కొయ్యబారిపోతాడు. పెదవులు చప్పరిస్తాడు, చేతికి దొరికినదాన్ని పీకుతాడు, తేరుకున్నాక ఏదీ గుర్తుండదు. వాటినీ వైద్యులు ఫిట్స్ కిందే లెక్కవేస్తారు. ఇళ్లలో మాత్రం వాటికి పరాకు అని పేరు.

ప్రశ్న మార్చాలంది మాధవి. రోగిని కాదు, అతనితో ఉండేవాళ్లను అడగాలి. వాళ్లు రాకపోతే రోగి అనుమతితో అతని ముందే ఇంటికి ఫోన్ చేయాలి. ప్రశ్న ఇది: “పిలిస్తె పలుకకుంట, సోయి లేనట్టు జరసేపు అట్లనే ఉండిపోతున్నడా?” కమిటీలో గొడవైంది. ఐటీ వాళ్లు వచ్చే ఆసుపత్రిలో సోయి గీయి ఏమిటన్నారొకరు. నాది తెనాలి ప్రాంతం, ‘స్పృహ’ అంటే హుందాగా ఉంటుంది కదండీ అన్నాను నేను. “హుందాగనే ఉంటది మేడం. ఇంట్ల ఎవ్వరన్న అంటరా ఆ మాట?” అంది. మా ఇంట్లో కూడా ఎవరూ అనరు. కోస్తా వాళ్లను మాత్రం పరధ్యానంగా ఉంటున్నాడా అని అడిగేటట్టు ఒప్పందం కుదిరింది.

కొత్త ప్రశ్న ఎలా నడుస్తోందో చూడడానికి నేను ఆమె గదిలో కూర్చున్న రోజున మల్లేశ్ వచ్చాడు. నారాయణపేట వైపు మనిషి, ముప్పై దాటాయేమో. రికార్డులో వృత్తి హౌస్ కీపింగ్. ఫిట్స్ ఆగి చాలా కాలమైందని సంబరంగా చెప్పాడు. అతని ఎదుటే మాధవి అతని భార్య సునీతకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. సునీత గచ్చిబౌలిలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. ఫిట్స్ లేవు మేడం అని ఆమె కూడా అంది. అప్పుడు సోయి మాట అడిగింది మాధవి.

“అదా మేడం? అది అయితనే ఉంటది. అన్నం తినుకుంటనే ఆగిపోతడు. పిలిస్తె పలుకడు. పెదవులు చప్పరిస్తడు, అంగి గుండీలు పీకుతడు. నా మాట వింటలేడని తిడుత.”

మల్లేశ్ ఫోన్ వైపు వంగాడు. “అందుకే తిడుతున్నవా? నాకు ఎర్కనే లేదు,” అన్నాడు మెల్లగా.

మాధవి అతన్ని ఏం పని చేస్తావని అడిగింది. అద్దాలు తుడుస్తానన్నాడు. లోపలా బయటా అని అడిగింది. బయటే, జూలా మీద అన్నాడు. ఐటీ టవర్ల పైకప్పు నుంచి తాళ్లకు వేలాడదీసే తొట్టిని వాళ్లు జూలా అంటారు. ఎత్తుల గురించి జాగ్రత్త చెప్పినట్టు అతని రికార్డులో ప్రతిసారీ టిక్కు ఉంది. మెట్లెక్కేటప్పుడు చూసుకొమ్మంటున్నారని అనుకున్నాడట.

ఆ పని మానలేనన్నాడు మల్లేశ్. కింద పనికి జీతం తక్కువ. పైగా జబ్బు సంగతి తెలిస్తే ఉద్యోగమే తీసేస్తారు, కంపెనీకి చెప్పొద్దని చేతులు జోడించాడు. నువ్వు ఒప్పుకోనిదే చెప్పను అంది మాధవి. సేఫ్టీ బెల్టు ఉంటుంది కదా, దాని కొక్కెం తాడుకే ఉంటుంది కదా, పడనులే మేడం అన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. “తమ్మీ, గుండీలు పీకే చెయ్యి ఆ కొక్కెం పీకదని నువ్వు నాకు మాటియ్యగలుగుతవా?” అంది.

మల్లేశ్ తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. చివరికి, మీరే మా సూపర్‌వైజర్‌కు చెప్పుండ్రి, కానీ నా నౌకరీ పోకుండ చెప్పుండ్రి అన్నాడు.

ఆమె అలాగే చెప్పింది. చేయకూడని పని ఒక్క వాక్యంలో, చేయగలిగిన పనులన్నీ పేజీ నిండా రాసి ఇచ్చింది. సూపర్‌వైజర్ అంజయ్య స్వయంగా వచ్చాడు. మనిషి దిట్టంగానే ఉన్నాడు కదా, ఈ డాక్టర్లకు భయం ఎక్కువ అన్నట్టు ముఖం పెట్టాడు. అయినా ఆమె బతిమాలి, వాదించి, మల్లేశ్‌ను కింద మిషన్లూ పైపులూ చూసుకునే పనికి మార్పించింది. జీతం కొంత తగ్గింది. మందు మార్చింది, కొత్తదాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి కనుక గుణం కనిపించడానికి వారాలు పడుతుంది.

ఈలోగా నా గ్రాఫు కూలింది. కొత్త ప్రశ్నకు ఇళ్ల నుంచి అవును, అవును అని జవాబులు వస్తుంటే, ఫిట్స్ ఆగినవాళ్ల సంఖ్య నెలనెలా దిగుతూ పోయింది. డైరెక్టర్ గారు పిలిపించారు. “సిస్టర్, ఏమిటండీ ఇది, తాడు తెగిన లిఫ్టులాగా?” అన్నారు. ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు ఇవ్వడానికి తనిఖీకి వచ్చేవాళ్లకు ఏం చూపిస్తామనేది ఆయన బెంగ. పాత ప్రశ్నకు వెళ్లిపోదామా అని కూడా అడిగారు. రోగం పెరగలేదండీ, మనకు ఇప్పుడు వినిపిస్తోంది, అంతే అన్నాను. ఆయన నమ్మీ నమ్మనట్టు తలూపి, నిర్ణయాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

ఆ సమావేశానికి ముందే అంజయ్య నుంచి మాధవికి ఫోన్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. అతని గొంతులో మునుపటి ధీమా లేదు. “మేడం, నిన్న నా కండ్ల ముంగటనే అయింది. పైపు పట్టుకుని నిలబడ్డోడు నిలబడ్డట్టే ఆగిండు. చెయ్యి మాత్రం ఆగలే. అంగి గుండీలన్నీ ఇప్పేసుకున్నడు. మేం కింద ఉన్నం కాబట్టి సరిపోయింది.” జూలా ఎక్కే మిగతావాళ్ల గురించి కూడా అడగాలనుకుంటున్నాను, ఆ ప్రశ్న ఏమిటో మళ్లీ చెప్పమన్నాడు. మాధవి చెప్పింది. అతను ఒక్కొక్క మాటా తిరిగి పలికాడు.

సమావేశంలో నేను ఇదే చెప్పాను, మల్లేశ్ పేరు చెప్పకుండా. డైరెక్టర్ గారు, ఆ లిఫ్టు పక్కన గ్రాఫు తీసేయించండి అన్నారు. ప్రశ్న అలాగే ఉండిపోయింది. లాభమో నష్టమో తేలకముందే ఒక అంకెను వదులుకోవడం ఆయనకూ సులువు కాదు. ఆ పూట ఆయన మీద కూడా నాకు గౌరవం పెరిగింది.

మరికొన్ని నెలలకు మల్లేశ్ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఎట్లున్నదని మాధవి అడిగితే, “నన్నెందుకు అడుగుతరు మేడం? ఆమెను అడుగుండ్రి,” అన్నాడు. సునీత ముఖం విప్పారింది. తిట్టే పని తగ్గిందంది.

ఇండికేటర్ మనం అడిగినదానికే జవాబు చెబుతుంది. అడగనిదాన్ని సున్నా కింద రాసుకుంటుంది. అందుకే అంకె బాగున్నప్పుడే, ఆ ప్రశ్నను ఎవరిని, ఏ మాటల్లో అడిగారో వెళ్లి వినాలి. ఆ ఏడాది గ్రాఫు పడిపోయింది. మల్లేశ్ పడలేదు.