కాలువ కట్ట మీది గొలుసు

పరలోకమందున్న తండ్రికి స్తోత్రం. ఈ వయసులో కూడా సైకిల్ తొక్కే సత్తువను మోకాళ్లలో మిగిల్చినందుకు, చూపు మందగించినా నడిచిన దారులను మరవనివ్వనందుకు ఆయన నామానికే మహిమ కలుగునుగాక. ఈ మాట ముందే చెప్పుకోకపోతే తర్వాత రాయబోయేదంతా సణుగుడుగా మిగిలిపోతుందని నా భయం. అరణ్యంలో దేవుని మీద సణిగి అక్కడే రాలిపోయినవాళ్ల సంగతి ఎన్నో ఆదివారాలు చెప్పినవాణ్ని నేనే.

మొన్న మా అక్క కొడుకు కళ్లద్దాలు మార్పించుకుందామని పెగడపల్లి దిక్కున్న తన ఊరి నుంచి జగిత్యాలకు వచ్చి, మా ఇంట్లో మధ్యాహ్నం భోజనం చేసి, ఫోను తెరిచి నా చేతిలో పెట్టాడు. మస్కట్‌లో పదేళ్లు పని చేసి తిరిగొచ్చినవాడు. అక్కడ తనకు పై అధికారిగా ఉండిన ఒక ఫ్రెంచి పెద్దమనిషి, ఉద్యోగం మానేశాక భార్యతో కలిసి వాళ్ల దేశంలో పల్లెల వెంట సైకిళ్ల మీద తిరుగుతూ వీడియోలు పంపుతుంటాడట.

"మామా, గీ తొవ్వ చూడు. పొద్దంత తొక్కినా ఒక్క కారు ఎదురురాదట," అన్నాడు.

చూశాను. నిండుగా, చప్పుడు లేకుండా పారే ఒక కాలువ, దాని కట్ట మీద వరుసగా పొడుగాటి చెట్లు, ఆ నీడలో మెత్తటి దారి, ఆ దారిలో వెనక చక్రానికి చెరోవైపు సంచులు తగిలించుకుని తీరిగ్గా తొక్కుకుంటూ పోతున్న తల నెరిసిన భార్యాభర్తలు. ఒకప్పుడు గుర్రాలు ఆ కట్ట మీద నడుస్తూ పడవలను తాళ్లతో లాగేవట. పడవల పని తగ్గాక ఆ దారిని సైకిళ్లకు వదిలారట. ఇంకోచోట రైలు పట్టాలు తీసేసి దాన్ని కూడా సైకిళ్లకే ఇచ్చారు, పాత స్టేషను చాయ్ హోటలయింది. కూడలి వచ్చినచోటల్లా సైకిల్ బొమ్మ, బాణం గుర్తు. ఊరూరా రాతి మందిరం కనిపించింది గానీ చాలావాటికి తాళాలు. అది చూసి మనసు చివుక్కుమంది. అంతలో ఆ దారి మొదలయ్యే చోటు వచ్చింది. అక్కడ మూడు కొయ్య గుంజలు పాతి ఉన్నాయి. సైకిల్ పడుతుంది, కారు పట్టదు. అంతే. ఆ మూడు గుంజలను చూడగానే ఫోను వాడి ఒళ్లో పడేసి లేచాను.

"ఏంది మామా, మంచిగ లేదా?"

"మంచిగున్నది. గదే నా బాధ," అన్నాను. వాడికేమీ అర్థం కాలేదు. నా ఈడువాళ్లయిన మీకైతే అర్థమవుతుందని రాస్తున్నాను.

నేను కోనరావుపేట దిక్కు మెట్టచేల మధ్య పుట్టినవాణ్ని. సెంటు భూమి లేని ఇల్లు మాది. మందిరంలో అక్షరాలు నేర్చి, వాక్యం చదివి, పాతికేళ్లు నిండకముందే పెగడపల్లి దిక్కు నాలుగు ఊళ్లకు ఉపదేశినయ్యాను. పాస్టరుగారు నెలకొకసారి వచ్చేవారు; మధ్యలో ప్రార్థనలు పెట్టడం, పాటలు నేర్పడం, జబ్బుపడినవాళ్లను చూడడం నా పని. వానాకాలంలో ఆ ఊళ్ల బండ్లబాట నల్లరేగడిలో సైకిల్‌ను నేను మోయాలో, నన్ను సైకిల్ మోయాలో తెలియని స్థితి. అప్పుడు దొరికింది పెద్ద కాలువ కట్ట.

బీడు తప్ప తెలియని నాకు ఆ నీళ్లే ఒక ఆశ్చర్యం. కట్ట మీద ఎర్రమొరం దారి, ఒకవైపు నీళ్లు, ఒకవైపు పొలాలు, మీద ఆకాశం. వారానికోసారి కాలువ ఆఫీసు జీపు తప్ప ఇంకో బండి ఉండేది కాదు. ఉండనిచ్చేవాడు కాదు లస్కర్. లస్కరంటే కాలువ తూములు ఎత్తి దించుతూ కట్టను కాసే మనిషి. దారికి అడ్డంగా రెండు రాళ్ల మధ్య ఇనుప గొలుసు కట్టి, తాళంచెవిని మొలతాడుకు వేసుకుని తిరిగేవాడు. కట్ట మెత్తన, బండి చక్రం ఒకసారి గాడి పెట్టిందంటే ఆ గాడిలో నీళ్లు నిలుస్తాయి, నీళ్లు నిలిస్తే గండి పడుతుందని ఆయన వాదన.

"అయ్యగారూ, నీ సైకిల్‌ను గొలుసు కింద నుంచి తోసుకపో, నేనేమన్న. బండి మాత్రం మా నాయిన తోలుకొచ్చినా ఇడువ," అనేవాడు. పైగా నన్ను చూసి నవ్వేవాడు. "ఇరుకు తొవ్వ, ఇరుకు తొవ్వ అని నువ్వు చెప్పుడే గని, దాన్ని కాసేటోణ్ని నేను."

మా సంఘంలో స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేవారు. శనివారం ఆ పిడికెడు బియ్యాన్ని ఊరూరా కూడగట్టి, సంచి వెనక క్యారియర్‌కు కట్టుకుని కట్ట మీద వచ్చేవాణ్ని. ఒక శనివారం సంచికి చిల్లు పడింది చూసుకోలేదు. రెండు మైళ్లు తొక్కి వెనక్కి చూస్తే దారి పొడుగునా పిట్టలు. ఆ ఊళ్లలోనే కాపురముండే మా అక్క ఏడాదిపాటు నన్ను ఆడిపోసుకుంది: "తమ్మీ, మనుషులకు వాక్యం, పిట్టలకు బియ్యం. నీ సేవ మస్తుగున్నది."

ఇక అసలు సంగతికి వస్తాను. మా నాలుగు ఊళ్లకూ కలిపి కాలువ పక్కన మందిరం మొదలుపెట్టాం. ప్రతిష్ఠ రోజు నిశ్చయమైపోయింది, వానలు ఆగలేదు, ఇటుకల ట్రాక్టరు బండ్లబాటలో కూరుకుపోయింది. లస్కర్‌ను ఒక్కరోజు గొలుసు తీయమన్నాను. తీయనన్నాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? ఉపవాస ప్రార్థన పెట్టి, అందరి ముందూ ఆయన పేరెత్తి, ప్రభువా ఈయన హృదయాన్ని మెత్తన చేయమని ప్రార్థించాను. మూడోనాటికి స్త్రీలంతా వెళ్లి ఆయన గుమ్మం ముందు కూర్చున్నారు. ఆయన ఇంకేం చేస్తాడు, తాళం తీశాడు. ఇటుకలు వచ్చాయి, మందిరం లేచింది.

అక్కడితో ఆగినా బాగుండేది. నేను దాన్ని సాక్ష్యంగా చెప్పాను. దేవుడు గొలుసు విప్పాడని జగిత్యాల కూడికలో చెప్పాను, కోరుట్లలో చెప్పాను, సిరిసిల్ల దాకా పోయి చెప్పాను. జనం హల్లెలూయ అన్నారు, నాకు రుచి తగిలింది. ఆ గొలుసు విప్పవచ్చునని ఊరూరికీ తెలిసింది నా నోటితోనే. మందిరానికి విప్పినవాడివి మా వడ్లకు విప్పవా అని రైతులు ఆయన మీదికి పోయారు. ఆ ఏడాది కోతలకు తీసిన గొలుసు మళ్లీ కట్టింది లేదు. నేను ఎదురైతే ఆయన కట్ట దిగి పక్కకు నిలబడేవాడు, అంతే. అలాగే పోయాడు. క్షమించమని అడగడానికి నాకు తోచేసరికి మనిషి లేడు.

ఇప్పుడు ఆ కట్ట మీద పగలంతా మొరం టిప్పర్లు, ఇసుక ట్రాక్టర్లు. గాడి గాడిలో నీళ్లే. ఆ రోజుల్లో ఆదివారం పొద్దున మందిరం గడపలో కూర్చుంటే, మైలు దూరంలో కట్ట మీద పాడుకుంటూ నడిచొచ్చే స్త్రీలలో ఎవరు ముందున్నారో గొంతును బట్టి చెప్పేవాణ్ని. మా అక్క గొంతు అన్నిటికన్నా ముందుండేది. నాలుగు నెలలుగా అక్క మందిరానికి రాలేదు. కొడుకు బండి మీద తీసుకొస్తానంటే, ఆ గతుకులకు నడుము ఒప్పదంటుంది. నడిచి రమ్మంటే నా మీదే విరుచుకుపడుతుంది: "టిప్పర్ అస్తే యాడికి జరగాలె తమ్మీ, కాల్వలకా? గింత వయసుల మళ్ల బాప్తిస్మం తీసుకోమంటవా?"

మేనల్లుడు ఫోను చూపించి పోయిన మరునాడే కాలువ ఆఫీసుకు వెళ్లి, కట్ట మొదట్లో అలాంటి గుంజలే పాతించమని అడిగాను. అక్కడున్నాయన మర్యాదగానే విన్నాడు. బండ్లు నడిపేవాళ్లు ఒప్పుకుని సంతకాలు పెడితే గుంజలు పాతిస్తామన్నాడు. ఆ బండ్లు ఐదుగురివి. ఐదుగురిలో ముగ్గురు మా సంఘస్థులే, వాళ్లు తొట్టెల్లో ఉన్నప్పుడు నేను ప్రార్థన చేసినవాళ్లే. మా సంఘపెద్దను ముందుగా అడిగాను. ఆయనకు రెండు టిప్పర్లు.

"అయ్యగారూ, గా దినం ఇటుకలకు తొవ్వ ఇడిపిచ్చింది నువ్వే. దేవుడే ఇప్పిండని సాక్ష్యం చెప్పింది నువ్వే. ఇప్పుడు గదే తొవ్వ బందు చెయ్యమంటున్నవు. దేవుడు మాట మార్చిండా?"

నేను సంతకాల కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరిగొచ్చాను. కోపంతో రాత్రి అన్నం సహించలేదు; ఆయన మీద కోపమనుకున్నాను, కాదు. దేవుడు మాట మార్చలేదు. నా మొండితనానికి ఆయన పేరు పెట్టుకున్నది నేను. పరాయి దేశంలో వాళ్లు ఏ ప్రార్థనా లేకుండా నిలబెట్టుకున్న నెమ్మదిని, మేము ప్రార్థన చేసి మరీ పోగొట్టుకున్నాం.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక లేచి, ఆ సాక్ష్యం తప్పని అదే మందిరంలో, ఆ సంఘపెద్ద ముందే చెప్పాలని నిశ్చయించుకున్నాను. చెప్పాక కాగితం ఆయన చేతిలో పెడతాను. పెన్ను అందుకుంటాడో, లేచి వెళ్లిపోతాడో నాకు తెలియదు. ప్రియులారా, మీరు ఏ ఊళ్లో ఉన్నా, ఏ మందిరంలో మోకరించినా, ఆ ఒక్క పొద్దుకు నాతో కలిసి ప్రార్థించండి. ఆయన హృదయం మెత్తబడాలని మాత్రం అడగకండి, ఆ ప్రార్థన నేను ఒకసారి చేసి చూశాను. నా నాలుక తడారిపోకూడదని అడగండి.