ఆరో గది గోడ

మా అన్నయ్య తాపీమేస్త్రి. ఊళ్ళో అందరూ టకటక మేస్త్రి అంటారు. ఏ గోడ కనిపించినా వేలి కణుపులతో టకటకా కొట్టి, చెవి పెట్టి వినడం పన్నెండో ఏట పనిలో చేరిన నాటి నుంచీ ఉన్న అలవాటు. లోపల పట్టు వదిలేసిన ప్లాస్టరింగు డొల్లగా మోగుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, ఆ మేరకే ఉలితో చెక్కి, మళ్ళీ సిమెంటు పూస్తాడు. గీత దాటి అంగుళం చెక్కమన్నా చెక్కడు. నాకు పెళ్ళి కుదిరినప్పుడు అబ్బాయి ఇంటికి వెళ్ళి నాలుగు గోడలూ కొట్టి చూసొచ్చి, "ఇల్లు గట్టిదే. మనుషుల సంగతి నువ్వు చూసుకో" అన్నాడు. ఇంటి వరకూ ఆ మాట నిజమే అయింది.

నేను దర్జీని. నాకు నోరు ఎక్కువని అంటారు. కాదనను.

పెద్దాసుపత్రి ఎదురుగా ఏళ్ళ తరబడి మూతపడిన అచ్చాపీసు ఒకటి ఉంది. క్యాన్సర్ వైద్యానికి దూరాల నుంచి వచ్చినవాళ్ళు ఆసుపత్రి వరండాలో పడుకుంటున్నారని, వాళ్ళు ఉండటానికి ఆ భవనాన్ని బాగుచేయాలని ఒక సేవాసంఘం పూనుకుంది. రిటైరైన నర్సమ్మ ఒకావిడ దానికి పెద్ద. కూలి ఉండదు, మనసున్నవాళ్ళు రావచ్చు అంది. అందరికంటే ముందు మా అన్నయ్య వెళ్ళి నిలబడ్డాడు. "నువ్వింత పుణ్యాత్ముడివని ఇన్నాళ్ళూ తెలీలేదే!" అని ఏడిపించాను. నవ్వలేదు. ఆయన వెనకే కర్టెన్లు కుట్టడానికి నేనూ చేరాను. రంగులకు ఒక మాజీ బస్సు డ్రైవరు వచ్చాడు. బ్రష్షును స్టీరింగులా తిప్పేవాడు. గోడకంటే నేలకే ఎక్కువ రంగు పడేది.

పని మొదలైన ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం అన్నయ్య కుళాయి దగ్గర చొక్కా విప్పి మెడ కడుక్కుంటున్నాడు. దవడ కింద, ఎడమవైపు, గోలీకాయంత గడ్డ కనబడింది. ఏమిటా అని చెయ్యి పెట్టబోతే నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగాడు.

"ఏంటది?"

"ఏం లేదు. ఏదో గడ్డ. మూడు వారాలైంది. అదే పోతుంది."

ఎనిమిది నెలలుగా ఆ భవనంలో మేం విన్నవన్నీ అవే కథలు. ఎవరికి ఎక్కడ మొదలైందో, ఎవరు ఆలస్యం చేశారో, ఎవరు మిగిలారో. వాటిలో సగం ఇలాంటి "ఏం లేదు"తోనే మొదలయ్యాయి.

"ఎదురుగానే ఆసుపత్రి. పద."

"ఈ పని కానీవే. ఆరో గది అయిపోగానే నేనే వెళ్తా. మీ వదినకు మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు."

గోడలో వెంట్రుకంత పగులు కనబడితే "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటారేం?" అని ఇంటివాళ్ళను కేకలేసే మనిషి ఆయన. నాకు ఒళ్ళు మండింది. అయినా "సరే" అన్నాను. ఐదు గదులు అయిపోయాయి, మిగిలింది ఒక్కటే, వారం రోజుల పని. వారానికి ఏం మునిగిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వారం గడిచింది. రెండోదీ గడిచింది. పొద్దున్నే వెళ్ళేసరికి ఆరో గదిలో ఒక కొత్త సుద్దగీత, దాని కింద కొత్తగా చెక్కిన గోడ. నర్సమ్మ రోజూ వచ్చి అడిగేది. "మేస్త్రిగారూ, ఇంకా ఎన్నాళ్ళండీ? ఇది కూడా అయిపోతే తలుపులు తెరుద్దాం. అక్కడ వరండాలో జనం కాచుకుని ఉన్నారు."

"డొల్ల గోడకు రంగు వేయించమంటారా అమ్మా? రేపు ఊడి పేషెంటు మీద పడితే?"

గోడ విషయంలో ఆయన మాటకు ఎదురు చెప్పేవాళ్ళెవరూ లేరు. నర్సమ్మ వెళ్ళిపోయేది. నేను మాత్రం ఆయన మెడ వైపే చూస్తుండేదాన్ని. ఆ ఉక్కలో, ఆ సిమెంటు దుమ్ములో, గొంతు దాకా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అన్నం తింటూ ముద్ద ముద్దకూ నీళ్ళు తాగేవాడు. అది చూస్తే నాకు తిండి సహించేది కాదు. అడగాలంటే భయం, అడగకుండా ఉండాలంటే ఇంకా భయం.

నాలుగో వారంలో ఒకరోజు అన్నయ్య ఇసక కోసం కిందికి వెళ్ళాడు. నేను కిటికీ కొలత తీసుకోవడానికి ఆరో గదిలోకి వెళ్ళాను. కిటికీ పక్కన అప్పుడే గీసిన సుద్దగీత. ఎందుకో కత్తెర పిడితో దాని మీద కొట్టాను. నలభై ఏళ్ళు ఆయన పక్కన పెరిగిన చెవులు నావి. గట్టిగా మోగింది. మళ్ళీ కొట్టాను. గట్టి గోడే. కింద పడున్న ప్లాస్టరింగు పెళ్ళ ఒకటి తీసి తిరగేశాను. డొల్ల అయితే వెనకవైపు శుభ్రంగా ఊడొస్తుంది. దీని వెనక ఇటుక ముక్కలు అంటుకుని ఉన్నాయి. పట్టున్న గోడను ప్రాణం పెట్టి పగలగొడితేనే అలా వస్తుంది.

ఇసక తట్టతో గుమ్మంలోకి వచ్చాడు. నా చేతిలో పెళ్ళను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"అన్నయ్యా, ఇది డొల్ల కాదు."

పెళ్ళను తిరగేసి ఆయన ముందుకు చాచాను.

"గట్టి గోడ పగలగొడుతున్నావా? నువ్వా?"

తట్ట దించాడు. ఇసక సగం నేల మీద ఒలికింది. "ఈ గది అయిపోతే వెళ్ళాలి కదే," అన్నాడు. "తాపీ పట్టుకుని ఇందులోకి వస్తున్నన్నాళ్ళూ నేను మేస్త్రినే కదా. రేపు వట్టి చేతులతో రావాల్సొస్తే? నాకు భయంగా ఉందే."

చెడామడా తిట్టాలని నోరు తెరిచాను. చెయ్యి పక్కనున్న సంచికి తగిలింది. నా సంచిలో ఆ గది కర్టెను ఉంది. అంచు వంకరగా వచ్చిందని రెండుసార్లు విప్పి కుట్టాను. వంకర ఏమీ లేదు. ఆ సంగతి అప్పటిదాకా నాలో నేను కూడా ఒప్పుకోలేదు.

"నేనూ కర్టెను రెండుసార్లు విప్పాను" అన్నాను.

నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరం ఆ ఇసక పక్కనే కూలబడ్డాం. కాసేపటికి నేనే లేచి చెయ్యి పట్టుకుని లేపాను. కుళాయి దగ్గర చేతులు కడుగుతూ, గోళ్ళలో సిమెంటు గీకుతూ మీనమేషాలు లెక్కపెడుతుంటే కుళాయి కట్టేశాను. రోడ్డు దాటితే ఆసుపత్రి. వరుసలో రెండు గంటలు కూర్చున్నాం. అంతసేపూ ఆయన వీపు గోడకే ఆనుకుని ఉంది. ఒక్కసారి కూడా కొట్టి చూడలేదు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. రెండు వేళ్ళతో దవడ కింద మెల్లగా నొక్కింది. అవతలి వైపూ నొక్కింది. నేను ఆమె ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని రెప్ప వేయకుండా చూశాను. ఏమీ దొరకలేదు.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"ఆరేడు వారాలు డాక్టరుగారూ," ఆయన బదులు నేనే చెప్పాను.

అన్నయ్య నా వైపు చూడలేదు. "కాదమ్మా," అన్నాడు డాక్టరుతో. "పదకొండు నెలలు."

అంటే మేం ఆ అచ్చాపీసులో అడుగు పెట్టకముందు నుంచే.

డాక్టరు ఆ అంకె కాగితం మీద వేసి, కలం పక్కన పెట్టి, ఇంకోసారి ఆయన మెడ మీద చెయ్యి వేసింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. నేనే తల తిప్పుకున్నాను.